ముసుగు మనిషి మీద కేసు

ఒక పత్రిక గుంటూరు డెస్కులో నేను ఆదివారం పేజీ చూసుకుంటున్నప్పుడు అందులో ఒక బొమ్మల సీరియల్ వచ్చేది. కథా, బొమ్మలూ రెండూ ఒకే అమ్మాయివి. ఆమెది చీరాల. పగలంతా ఇంటి మగ్గాల కోసం చీర అంచులకు డిజైన్లు గీసేది. అంచులో నెమలి ఎటు తిరగాలో కూడా కొనే షాపులవాళ్లే చెబుతారట. తనకు నచ్చింది గీయడానికి ఆమెకున్న చోటు మా పేజీలో ఆ సీరియల్‌కిచ్చిన సగం మాత్రమే.

ఆమె హీరో ముక్కుకూ నోటికీ అడ్డంగా ఎర్రగుడ్డ కట్టుకుని, పత్తి చేల మీదుగా ఎగురుకుంటూ వచ్చి, ఎక్కడ అన్యాయం జరిగితే అక్కడ దిగుతాడు. పాఠకులు అతన్ని ముసుగు మనిషి అనేవారు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆమె అతన్ని హత్య కేసులో ఇరికించింది. మిరపకాయలు ఆరబోసిన కల్లంలో పట్టపగలు ఒక వ్యాపారి చచ్చిపడి ఉంటాడు. కొంచెం అవతల కూలీలు కాయల్ని బస్తాల్లోకి తొక్కుతుంటారు. వ్యాపారి దగ్గర గుమాస్తా సాక్ష్యం చెబుతాడు. తాను చాలాసేపటి నుంచి ఆ రాశి పక్కనే నిలబడి ఉన్నాననీ, ముసుగు వేసుకున్నవాడే పొడవడం చూశాననీ అంటాడు. ఆ బొమ్మల్లో ముసుగు ఉన్నది ఒక్కడికే. హీరోని జైల్లో పెడతారు.

ఇరికించడం బాగానే ఇరికించింది, విడిపించే దారే దొరకలేదు. మూడు నాలుగు ఆదివారాలు కోర్టు వాదనలతో గడిచాయి. దర్శి నుంచి ఒకాయన ప్రతి సోమవారం ఫోన్ చేసేవాడు.

"ఏమయ్యా, మావాణ్ణి ఈ వారం కూడా వదల్లేదే? బెయిలన్నా ఇప్పించండయ్యా."

మా ఎడిటర్‌కు అంత ఓపిక లేదు. "వచ్చే ఆదివారానికి అతను నిర్దోషని తేలాలి. తేలకపోతే ఆ చోటు సినిమా కబుర్లకిచ్చేస్తా," అని నాతో చెప్పాడు. నేను ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. ఆమె "సార్, నేను కల్లాన్ని ఫోటోల్లో చూసే గీశాను. ఒకసారి చూపిస్తారా?" అంది.

ఆమె గుంటూరు వచ్చిన రోజు, నల్లపాడు దాటాక రోడ్డు పక్కనే ఉన్న ఒక కల్లానికి నా స్కూటర్ మీద తీసుకెళ్లాను. మేం వెళ్లేసరికి కాయల్ని తొక్కుతున్నారు. స్కూటర్ దిగీ దిగకముందే ఇద్దరికీ దగ్గు పట్టుకుంది. ఆమె కళ్లు తుడుచుకుంటూనే పుస్తకం తెరిచింది. ఒకావిడ చేతిలో పని ఆపి వచ్చింది.

"ముందు మూతికి గుడ్డ కట్టుకో అమ్మాయ్, తర్వాత బొమ్మలేసుకుందువు. పెద్దాయనా, నువ్వు గాలికి ఎదురు నిలబడమాక. ఇక్కడ పడిపోతే మోయడానికి మాకు తీరికలేదు."

వెనకనుంచి ఇంకొకామె అంది: "మోసేదేముందే, ఒక బస్తాలో తొక్కేద్దాం."

అందరూ నవ్వారు. నవ్వు వినిపించింది గాని, ఎవరు నవ్వారో తెలియలేదు. అక్కడున్న ఆడా మగా అందరి ముఖాలకూ గుడ్డలున్నాయి, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

ఆవిడ ఇచ్చిన తువ్వాలు కట్టుకుని ఆ అమ్మాయి కాసేపు వాళ్లనే చూస్తూ ఉండిపోయింది.

"సార్, నేను కూలీలందరికీ ముఖాలు గీశాను. మీసాలతో సహా."

"గీశావు. గుమాస్తాకైతే మరీ పెద్ద మీసం."

"వాడు గుడ్డ లేకుండా ఇక్కడ అంతసేపు ఎలా నిలబడ్డాడు సార్?"

నేను మాట్లాడబోయాను. దగ్గే వచ్చింది.

శుక్రవారం ఆమె పేజీ పంపింది. జడ్జి కోర్టును కల్లానికి తీసుకొస్తాడు. ఆయనకూ ఎవరో తువ్వాలు కడతారు. ఆనాడు నిలబడ్డ చోటే, ఆనాటిలాగే ముఖానికి గుడ్డ లేకుండా నిలబడి సాక్ష్యం మళ్లీ చెప్పమని గుమాస్తాను అడుగుతాడు. అవతల కాయల్ని తొక్కుతుంటారు. మొదటి మాట సగంలో గుమాస్తాకు దగ్గు, తర్వాత కన్నీళ్లు, ఆ తర్వాత పరుగు. చివరి బొమ్మ పెద్దది. కల్లం నిండా జనం, అందరికీ ముసుగులే, అన్నింటి మీదా ఎర్రటి కారపు దుమ్ము.

ఎడిటర్ కళ్లజోడు పెట్టుకుని ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. తర్వాత ఆమెకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"విడుదలయ్యాడు సరేనమ్మా, ఇందులో మన హీరో ఎక్కడ?"

"వాళ్లలోనే ఉన్నాడండీ."

"ఆ గుమాస్తా ఎందుకు అబద్ధమాడాడు? అసలు చంపిందెవరు?"

"చోటుంటే చెబుతానండీ."

ఎడిటర్ నా వైపు చూసి, సరేనన్నట్టు తలూపాడు. సిద్ధంగా ఉంచిన సినిమా కబుర్లను అడుగున రెండు కాలమ్‌లకు కుదించి, ఆమె చోటు ఆమెకే ఉంచి పేజీ పెట్టించాను.