గుమ్మడిపూల పెళ్లిపెద్ద

రిటైరైన బస్సు డ్రైవరుకి మతి చలించిందని, పొద్దున్నే పెరట్లో గుమ్మడిపూల చెవిలో ఊసులు చెబుతాడని వీధంతా చెప్పుకుంటారు. చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఎండెక్కకముందే పాదు దగ్గర గొంతుక్కూర్చుని, కళ్లజోడు నుదుటికెత్తి, ఊపిరి బిగబట్టి ఒక్కో పువ్వు మీదికీ వంగుతాడు. ఏళ్ల తరబడి స్టీరింగు తిప్పిన మొరటు వేళ్లతో మగపువ్వు తుంచి, రేకలు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దుతాడు. "ఏం బావగారూ, ఇవాళ పెళ్లెవరికి?" అని పక్కింటావిడ గోడ మీంచి మేలమాడుతుంది. "నీకూ పిలుపొస్తుందిలేమ్మా" అంటాడు తలెత్తకుండా.

ఒకప్పుడు ఆకు రాలితే ఊడ్చి తగలబెట్టేవాడు, చీమ కనబడితే మందు కొట్టేవాడు. "పురుగులతోపాటు తేనెటీగలూ పోతాయి, వద్దండీ" అని భార్య మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. పైగా ఇరుగుపొరుగుకీ ఆ మందే అలవాటు చేశాడు. ఇప్పుడు ఆవిడ మంచం పట్టింది. నిన్న పక్కింటాయన మందు డబ్బా భుజానికెత్తుకోవడం చూసి పరుగున వెళ్లి, "వద్దు బాబూ, ఆపు" అన్నాడు. "నేర్పింది మీరే కదండీ!" అని ఆయన నవ్వుతూనే తన పాదులన్నిటికీ కొట్టాడు. డ్రైవరు తిరిగొచ్చి, ఎదిగిన కాయ ఒకటి కోసి భార్య పక్కన పెట్టాడు.

"అయితే తేనెటీగలు మళ్లీ వస్తున్నాయన్నమాట!" అంటూ ఆవిడ కాయను నిమిరింది.

"రాకేం? పొద్దుటినుంచీ ఒకటే రొద" అన్నాడు.

ఆ పెరట్లో తేనెటీగ వాలి మూడేళ్లయింది.