పెరటి ముగ్గులో లేని చుక్క

మా చెల్లి ముఖం కంప్యూటర్ బొమ్మలో కనబడిందని బిలాస్‌పూర్ తెలుగువాళ్ళు చెప్పుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. ఆ బొమ్మలో అసలు ముఖమే లేదు. దయ్యాలంటే నాకు నమ్మకమూ లేదు. ఎవరైనా ఆ కబుర్లు మొదలెడితే వాదించి నోరు మూయించే రకం నేను. అక్కడ ఉన్నాను కాబట్టి, చూసింది రాస్తున్నాను.

చెల్లి వరలక్ష్మి, ఊళ్ళోని లాల్‌ఖదాన్ పేటలో మా ఇంట్లోనే కూర్చుని కొన్నేళ్ళు కంప్యూటర్‌లో ఫొటోల మీద గీతలు గీసింది. ఇది చెయ్యి, ఇది గడప, ఇది పువ్వు అని మెషీన్‌కి నేర్పే పని. మెషీన్ నేర్చుకుంది. చెల్లి పని పోయింది.

తర్వాత హైదరాబాదు నుంచి ఒక ఆర్టిస్టు దిగాడు. ఏఐ బొమ్మల వెనక కనబడని చేతుల మీద రైల్వే కాలనీ హాల్లో ప్రదర్శన పెడతానన్నాడు. ఆ హాల్లోనే చెల్లిని కూర్చోబెట్టి మాట్లాడించాడు. బొమ్మ కింద పేరు వేస్తానని మాటిచ్చాడు. ఇన్నేళ్ళ పనికి ఎక్కడా పేరు లేని మనిషి, కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుంది.

ప్రదర్శన రోజు పట్టుచీర కట్టుకుని వచ్చింది. హిందీ మీడియం చదువు, తెలుగు కూడబలుక్కోవాలి. "నా పేరెక్కడుందో చదువక్కా" అంది.

గోడకి పెట్టిన బొమ్మ కింద చదివాను. "పేరు తెలియని శ్రామికురాలికి." దాని కింద ఆర్టిస్టు పేరు, ఇంత లావు అక్షరాల్లో.

"తెలియకపోడమేటి బాబూ? ఎదురుగా నిలబడుంది కదా!" అన్నాను.

"పేరు వేస్తే అది కనబడని శ్రమ ఎలా అవుతుంది మేడమ్?" అని నవ్వాడు.

రైల్వే ఇంజన్ల షెడ్‌లో పనిచేసి రిటైరైన మా బాబాయి ఒకాయన పక్కనే ఉన్నాడు. "అచ్ఛా! పేరు లేకపోతే ఏటిలే వరం, చీర బాగుంది" అన్నాడు. హాలంతా నవ్వింది.

ఆ నవ్వులోనే ఆర్టిస్టు, గుమ్మం ముందు ముగ్గు వెయ్యమని మెషీన్‌ని అడిగాడు. గోడ మీది తెరపై బొమ్మ వచ్చింది. ముగ్గులో గుమ్మం వైపు మూల చుక్క లేదు.

అమ్మ ఎప్పుడూ ఆ చుక్కతోనే ముగ్గు మొదలెట్టేది. అమ్మ పోయాక, పెరటి ముగ్గులో చెల్లి ఆ చుక్క వదిలేసేది. వీధి ముగ్గులో వదిలేది కాదు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు, ఫొటో తీయలేదు. చెల్లికి గీతలు గియ్యడానికి వచ్చిన ఫొటోలు ఎవరెవరివో, మావి కావు.

"చిన్న తప్పొచ్చింది" అని ఆర్టిస్టు దిద్దమన్నాడు. గడప మారింది, రంగులు మారాయి, చుక్క రాలేదు. మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఆ మూల ఖాళీగానే ఉంది.

"ఒగ్గేయండి బాబూ, అది మా అమ్మది" అంది చెల్లి.

"అమ్మది కాదండీ, మెషీన్‌ది" అని ఆ మూల కత్తిరించేసి, మిగిలిన బొమ్మ అచ్చు తీసి, దాని మీద సంతకం పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయి కూడా.

ఆ తర్వాత చెల్లి పెరట్లో ముగ్గు పెట్టలేదు.

చుక్క తప్పడం మామూలేనని నాతో నేనే వాదించుకున్నాను. సరే, తప్పిందే అనుకుందాం. అన్నిసార్లు దిద్దమన్నా మెషీన్ ఎందుకు దిద్దలేదు? ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు. బొమ్మంతా తనదేనని సంతకం పెట్టినవాణ్ణి ఒక్కటే అడగాలనుంది: నాయనా, నువ్వు కోసి పారేసిన ఆ మూల ఎవరు వేశారు?