చప్పుడు దొరికాక

లక్ష్మీకాంతం గారు ముప్పై ఏళ్ళు కార్లలో చప్పుళ్ళు వెతికి బతికారు. కార్ల కంపెనీలున్న మా నోవైలో తెలుగువాళ్ళందరికీ ఆయన ఇంజనీరనే తెలుసు. ఏం పని చేస్తారని అడిగితే మాత్రం ఆయన భార్య శశికళ ఆంటీ ఒక్క ముక్కలో చెప్పేవారు: "కొత్త కారు వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుంటారు." అది నిజమే. కంపెనీ వాళ్ళు కావాలనే గతుకుల రోడ్డు ఒకటి వేసుకుంటారు. ఇంకొకరు దాని మీద కారు నడుపుతుంటే ఈయన వెనక కూర్చుని, ఏ బోల్టు వదులైందో, ఏ ప్లాస్టిక్ ముక్క దేన్ని రాసుకుంటోందో విని చెప్పాలి. లక్ష్మీకాంతం అనడానికి నోరు తిరగక ఆఫీసులో ఆయన్ని లక్కీ అనేవారు.

నేను వాళ్ళింటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ యూనివర్సిటీలో సాహిత్యం చదువుతున్నాను. వచ్చిన కొత్తలో నేను కొన్న పాత కారు మలుపు తిరిగినప్పుడల్లా ఎక్కడో గలగలలాడేది. నాలుగు వీధులు తిప్పమని ఆయన వెనక కూర్చున్నారు. ఆ సాయంత్రమే మంచు మొదలైంది. నేను పుట్టి బుద్ధెరిగాక చూసిన మొదటి మంచు. "అంకుల్, చూడండి" అన్నాను. ఆయన కళ్ళు తెరవలేదు. డాష్‌బోర్డు లోపల్నించి ఎవరిదో పాత తలపిన్ను తీసి నా చేతిలో పెట్టాకే కిటికీ వైపు తిరిగి, "అరె, మంచు ఎప్పుడు మొదలైందమ్మా?" అన్నారు. ఆయన తీరే అంత. చప్పుడు దొరికేదాకా ఇంకేదీ కనపడదు. పక్కూరు ట్రాయ్‌లో ఎవరిదో గృహప్రవేశంలో ఫ్యాను కీచుమంటోందని, అన్నం ప్లేటు పక్కన పెట్టి అరగంట స్టూలెక్కి నిలబడ్డారట.

వాళ్ళ ఫ్రిజ్ మీద ఎప్పటిదో కేలండర్ కాగితం ఒకటి ఉంది. ఎర్రబారిన కొండవాలు మీద తల వంచుకుని పళ్ళు తింటున్న గోధుమరంగు ఎలుగుబంటి. జూలో కాదు, దాని చోట దాన్ని చూడాలని ఆయన కోరిక. ప్రతి వేసవికీ అలాస్కా అనుకునేవారు. ప్రతి వేసవికీ ఏదో కొత్త మోడల్ అడ్డొచ్చేది. రిటైరయ్యాక వెళ్దామనుకున్నారు. రిటైరైన రెండో ఏడే ఆయన మాటలు ఒక్కొక్కటిగా పోవడం మొదలైంది. ముందు వస్తువుల పేర్లు, తర్వాత మనుషుల పేర్లు. ఒకరోజు ఆ కాగితం ముందు నిలబడి, "ఇది... ఇది మన..." అని ఎంతసేపటికీ ముందుకు వెళ్ళలేకపోయారు.

ఆ వారమే ఆంటీ టికెట్లు బుక్ చేశారు. ఆష్‌బర్న్ నుంచి కూతురు అనుష్క ఫోన్‌లో వద్దని వాదించింది. మర్నాటికి గుర్తుండని దానికి అంత దూరం ఈ స్థితిలో తీసుకెళ్ళడమెందుకని అడిగింది. ఆంటీ ఫోన్ పెట్టేశారు. నాతో అన్నారు: "గుర్తుండకపోతే పోనీలేమ్మా. చూసిన ఆ నిమిషం, అది ఆ ఎలుగుబంటేనని ఆయనకి తెలిస్తే చాలు."

ఆంటీ ఒక్కరే ఆయన్ని చూసుకోలేరని నేను తోడు వెళ్ళాను.

ఆగస్టు చివర. అలాస్కాలో ఎలుగుబంట్లు తిరిగే పార్కు. అందులో కొంత దూరం దాటాక సొంత కార్లు రానివ్వరు. స్కూలు బస్సులాంటి బస్సులో నలభై మందిమి. రోజంతా మట్టిరోడ్డు మీద పోయి, అదే దారిన తిరిగి రావాలి. డ్రైవరు మార్లీన్, నెరిసిన జడ వేసుకున్న పెద్దావిడ, బయల్దేరేముందే నియమం చెప్పింది. ఎవరికి జంతువు కనపడినా గట్టిగా 'స్టాప్' అనాలి. బస్సు ఆగాక గుసగుసలు తప్ప మాటలుండకూడదు.

ఆయన కిటికీ పక్కన, ఆంటీ ఆయన పక్కన, నేను వెనక సీట్లో. గంట గడిచాక ఆయన చెయ్యెత్తి "స్టాప్" అన్నారు. నెలల తర్వాత ఆయన నోట అంత స్పష్టంగా వచ్చిన మాట అది. బస్సు ఆగింది. నలభై మందీ బైనాక్యులర్లు ఎత్తారు. పొదలు తప్ప ఏమీ లేదు. లోపలికి పోయి ఉంటుందిలే అంది మార్లీన్. ఆంటీ ముఖం వెలిగిపోతోంది.

పావుగంటకి మళ్ళీ "స్టాప్." ఈసారీ ఏమీ లేదు. మూడోసారికి ఎర్రటోపీ పెట్టుకున్నాయన, ఈయన టికెట్‌లో మనకి లేని జంతువులేవో ఉన్నట్టున్నాయి అన్నాడు. కొందరు నవ్వారు. నాలుగోసారికి మార్లీన్ లేచి మా దగ్గరికి వచ్చింది. ఇలా ఆగుతూ పోతే చివరిదాకా వెళ్ళలేమని, కోపం లేకుండానే చెప్పింది. ఆయనకి ఒంట్లో బాగాలేదని, క్షమించమని ఆంటీ ఇంగ్లీషులో అన్నారు. తర్వాత ఆయన వైపు తిరిగి, తెలుగులో, తగ్గు గొంతుతో, "నోరు మూసుకుని కూర్చోండి" అన్నారు.

ఆ ఇంట్లో ఉన్న రెండేళ్ళలో ఆవిడ ఆయన్ని అంత మాట అనగా నేను వినలేదు. ఆయన ఆవిడకేసి చూసి, అరచెయ్యి తన నోటి మీద పెట్టుకున్నారు.

నాకప్పటికే ఒక అనుమానం వచ్చింది. 'స్టాప్' అన్న ప్రతిసారీ ఆయన కళ్ళు మూసి ఉన్నాయి. కానీ అంతమంది నవ్విన తర్వాత లేచి చెప్పాలంటే నాకు నోరు రాలేదు. తప్పయితే ఇంకోసారి నవ్వుతారు.

పది నిమిషాలు కాలేదు, ముందు వరసలో ఎవరో "స్టాప్" అన్నారు. మార్లీన్ ఇంజను ఆపేసింది. రోడ్డుకి పాతిక గజాల్లో, ఎర్రటి కొండవాలు మీద, తల వంచుకుని పళ్ళు తింటోంది గోధుమరంగు ఎలుగుబంటి. అది కొమ్మలు లాగుతుంటే ఆకులు తెగడం కూడా వినపడింది.

"ఏవండీ, అదిగో. మన ఎలుగుబంటి."

ఆయన తల ఎత్తలేదు. నోటి మీద చెయ్యి అలాగే ఉంది, చూపు ముందు సీటు కింద ఉంది. ఆంటీ ఆయన గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పారు. ఆయన కళ్ళు ఆ ఎలుగుబంటి మీదుగా, అక్కడేమీ లేనట్టే పోయి, మళ్ళీ కిందికి దిగాయి.

"ఒక్కసారి చూడండి. ఒక్కసారి" అన్నారు ఆంటీ. నేను ఫోన్‌లో ఫోటో తీశాను, అంతకన్నా ఏం చెయ్యాలో తోచక. ఎలుగుబంటి గట్టెక్కి, అవతలికి దిగిపోయింది.

బస్సు కదలగానే ఆయన రెండో చెయ్యి ఆంటీ మోకాలి మీద పడింది. వేలితో తట్టడం మొదలుపెట్టారు. టక్. టకటక్. కాస్త ఆగి, మళ్ళీ టక్. ఆంటీ మొదట ఆ చెయ్యి తీసేయబోయారు. అంతలో ఆగి, ఒంగి, ముందు సీటు కాలు దగ్గర చెవి పెట్టారు. చాలాసేపు అలాగే ఉన్నారు. లేచేసరికి ముఖం పాలిపోయి ఉంది.

"చప్పుడమ్మా" అన్నారు నాతో. "ఈయన పొద్దుట్నించీ దీన్ని ఆపమంటున్నారు."

తర్వాత బస్సాపిన చోట ఆంటీ మార్లీన్‌కి ఆ సీటు కాలు చూపించారు. బోల్టు ఒకటి సగం ఊడి వచ్చింది. మార్లీన్ స్పానరుతో బిగించి, ఇన్నాళ్ళూ తనకి వినపడనే లేదని ఆయనకి థాంక్స్ చెప్పింది. ఆయన సీటుని చేత్తో ఊపి చూసి, తలాడించారు.

మిగతా దారంతా ఆయన నోటి మీద చెయ్యి ఉంచుకునే నెమ్మదిగా కూర్చున్నారు. కానీ ఆ రోజు ఇంకే ఎలుగుబంటీ కనపడలేదు. చివరిదాకా పోయి తిరిగొస్తూ, మధ్యాహ్నం దాటాక, ఆ కొండవాలు దగ్గరికి మళ్ళీ వచ్చాం. ఆయన నోటి మీంచి చెయ్యి తీశారు. కిటికీకి దగ్గరగా జరిగి, ఎర్రటి పొదలని ఒక చివర నుంచి ఇంకో చివరకి మెల్లగా చూశారు. అక్కడ ఏమీ లేదు.

"శశీ, ఎలుగుబంటి వచ్చిందా?" అన్నారు.

ఫ్రిజ్ ముందు దొరకని మాట అది. ఆవిడని పేరు పెట్టి పిలిచి కూడా చాలా రోజులైంది. నేను ఫోన్ తీసి, పొద్దుటి ఫోటో వెతికి ముందుకు చాపాను. ఆంటీ వెనక్కి తిరక్కుండానే నా చేతిని పక్కకి నెట్టేశారు.

"ఇంకా రాలేదండీ" అన్నారు. "చూస్తూ ఉండండి."

పార్కు గేటు దాటి, ఊరి దీపస్తంభాలు మొదలయ్యేదాకా ఆయన చూపు తిప్పలేదు.