అమావాస్య లెక్కలు

పదో తరగతి ఫలితాలు వచ్చే రోజు పొద్దున నేను మా వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి వందసార్లు నడిచాను. వంద కాదు లెండి, మోకాళ్ళు ఒప్పుకోవు. కానీ కూర్చుంటే కుర్చీ కాలుతున్నట్టుండేది, లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు. ఫోను జేబులో పెట్టుకోవడం, తీసి చూడటం, మళ్ళీ పెట్టుకోవడం. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి చూసి, "పరీక్ష రాసింది ఆ పిల్లా, మీరా?" అంది.

ఆ పిల్ల మా ఊరి మగ్గాల వీధిలో ఒక నేతగాడి కూతురు. ఊళ్ళోని చిన్న హైస్కూల్లో పది చదివింది. మిగతావన్నీ ఎలాగో లాక్కొచ్చేది గానీ లెక్కలు మాత్రం కొరుకుడు పడేవి కావు. వాళ్ళ నాన్న ముందే తేల్చేశాడు. పాసైతే చల్లపల్లిలో కాలేజీ, తప్పితే విజయవాడ వన్ టౌన్‌లో బంధువు పనిచేసే బట్టల కొట్టు. చీరలు విప్పి చూపించి మళ్ళీ మడతపెట్టే పని. కొట్టువాళ్ళతో మాట కూడా అయిపోయింది.

నేను లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణి. హైస్కూలు వాళ్ళు మా ఇంటికొచ్చి చేతులు పట్టుకుని, మీరు తప్ప దిక్కు లేదన్నారని ఊరంతా చెప్పుకున్నాను. జరిగింది వేరు. ఇంట్లో పొద్దుపోక నేనే వెళ్ళి హెడ్మిస్ట్రెస్ గారి గదిలో కూర్చున్నాను. ఆవిడ చాలాసేపు ఏవో కాగితాలు తిరగేసి, చివరికి, "వెనకబడ్డ పిల్లల్ని టీచర్లం తలా ఒకర్ని దత్తత తీసుకుంటున్నామండీ. మీరూ ఒకర్ని తీసుకోండి మాస్టారూ," అన్నారు, నేను లేచి వెళ్తే చాలన్నట్టు.

ఆ బళ్ళో మగ్గాల వీధి పిల్లలు కొందరు, కూలికెళ్ళే ఇళ్ళ పిల్లలు కొందరు, చేపల చెరువుల కాపలాకి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళ పిల్లలు మరికొందరు. చేపలు పట్టేశాక కాపలా కుటుంబం ఇంకో ఊరు పోతుంది, బెంచీ మీద ఒక చోటు ఖాళీ అవుతుంది. కాస్త జరుగుబాటున్న ఇళ్ళ పిల్లల్ని పొద్దున్నే పసుపుపచ్చ బస్సు వచ్చి ఎత్తుకుపోతుంది. ఆ బస్సులో మా మనవడూ ఉంటాడు. ఈ సంగతి హైస్కూల్లో నేనెప్పుడూ ఎత్తలేదు. క్లాసు చిన్నది కనక ఒక్కరు తప్పినా పాస్ శాతం దభీమని పడుతుంది. "అందరూ పాసైతేనే కదండీ, వచ్చే ఏడు ఆరో తరగతిలో నలుగురైనా చేరేది," అని హెడ్మిస్ట్రెస్ గారి బెంగ.

నా దత్తపుత్రిక మాత్రం పొద్దున స్పెషల్ క్లాసుకి రాదు, సాయంత్రం ఆగదు. కోపం వచ్చి ఇంటికే వెళ్ళాను. తండ్రి గుంట మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. పక్కనే ఈ పిల్ల రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుడుతోంది. చుట్టిన కండె చేతికి అందకపోతే మగ్గం నిలిచిపోతుంది. తల్లికి భుజం పట్టేసి రాట్నం తిప్పలేదు.

"మగ్గం ఆగితే మా పొయ్యి ఆగుద్దండీ మాస్టారూ," అన్నాడు తండ్రి, చేతులాపకుండానే.

"మరి చదివేదెప్పుడయ్యా?"

"అమావాస్యకి పంపిస్తా. ఆ రోజు మగ్గం ముట్టం."

మా ఊరి నేత ఇళ్ళలో అంతే. ఆదివారమైనా మగ్గం ఆడుతుంది, అమావాస్యకి ఆడదు. మా ఇంట్లో దానికి తిరగేసి. అమావాస్యనాడు పుస్తకం తెరవకూడదని తాతల నాటి పట్టింపు.

"అమావాస్యపూట చదువు మొదలెడతారా ఎవరన్నా? ఆ పిల్ల తప్పిందంటే పాపం మీదే," అంది మా ఆవిడ.

శాస్త్రంలో దీనికి మినహాయింపు ఉందన్నాను. ఉందో లేదో నాకేం తెలుసు!

అలా నెలకొక్కసారి, పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా, మా వసారాలో బడి. నేను చెప్పిందాంట్లో సగం నెల తిరిగేసరికి రాట్నంతో పాటు తిరిగిపోయేది. "మాస్టారండీ, ఇది పోయినమావాస్యకి అర్థమయ్యింది. ఇప్పుడవట్లా," అనేది, తప్పు లెక్కదే అన్నట్టు. అయినా నేను ఊరుకోలేదు. హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషికి కూడా, నా శిష్యురాలు మండలానికే ఫస్టు వస్తుందని చెప్పాను. గట్టెక్కితే చాలునని నాకు లోపల తెలుసు.

ఆ ఫలితాల పొద్దున, చివరికి ఫోను మోగింది. హెడ్మిస్ట్రెస్ గారు.

"మాస్టారూ... లెక్కల్లో పోయిందండీ. కొద్దిలోనే."

"మిగతా పిల్లలు?"

"అందరూ పాసే."

మా ఆవిడ ఇప్పుడు అమావాస్య మాట ఎత్తుతుందని కాచుకుని ఉన్నాను. ఎత్తలేదు. మంచినీళ్ళిచ్చి లోపలికెళ్ళింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు తెల్లవారగానే మగ్గాల వీధికి బయల్దేరాను. తండ్రితో ఏం చెప్పాలో దారంతా గొణుక్కుంటూనే ఉన్నాను. సప్లిమెంటరీ ఉంది కదయ్యా అనాలి, నెల రోజులు ఓపిక పట్టు అనాలి. వీధిలో అన్ని ఇళ్ళలోనూ మగ్గాలు టకటకలాడుతున్నాయి. ఆ ఒక్క ఇంట్లో చప్పుడు లేదు. అమావాస్యా అంటే, ముందురోజు సాయంత్రమే మా డాబా మీద చంద్రుణ్ణి చూశాను. పొద్దుటి బస్సుకే పిల్లని విజయవాడ తీసుకెళ్ళిపోయాడన్నమాట. చెప్పులు విడవడం కూడా మరిచి లోపలికి దూరాను.

మగ్గం ఖాళీగా ఉంది. దాని పక్కన తండ్రి కూర్చుని, తనే రాట్నం తిప్పుతూ కండె చుడుతున్నాడు. పిల్ల గోడకానుకుని పుస్తకం పట్టుకుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"రండి మాస్టారూ. ఆ పరీక్షేదో అయ్యేదాకా పొద్దుటిపూట కండెలు నేనే చుట్టుకుంటా. మజ్జానం నుంచి నేస్తా," అన్నాడు.

"మరి కొట్టు?"

"కొట్టెక్కడికి పోద్దండీ? రోజూ చెప్తారా మరి, మీక్కూడా అమావాస్యేనా?"

అక్కడ నేను చదువు గొప్పతనం మీద అరగంట ఉపన్యాసం ఇచ్చానని ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. నిజానికి చేసింది ఇంతే. చెప్పులు బయట విడిచి వచ్చి, చాప మీద కూర్చుని, మొదటి పేజీ తియ్యమన్నాను. పిల్ల తీసింది. తండ్రి మా వైపు చూడకుండా రాట్నం తిప్పుతున్నాడు. ఆయన కాలు మాత్రం ఊరికే ఉండలేక, అక్కడ లేని తొక్కుడుచెక్కని నేల మీద తొక్కుతూనే ఉంది.