మోపు కనిపిస్తే ఎగబడే కుక్క

మా అత్తగారింటి కుక్కకు ఎద్దులంటే బెదురు లేదు, పిల్లులంటే పట్టింపు లేదు. స్టేషన్‌లో రైలు ఎంత కూత పెట్టినా చెవి కూడా కదిపేది కాదు. కానీ నెత్తిమీద మోపుతో ఎవరైనా కనిపించారా, ఇక చూసుకోండి! వీపు మీద వెంట్రుకలు లేచి, గొలుసు తెంపుకునేటట్టు ఎగిరేది. గడ్డిమోపు కానివ్వండి, బట్టల మూట కానివ్వండి, కూరగాయల గంప కానివ్వండి. తాండూరులో పొద్దున పూట నెత్తిన ఏదో ఒకటి లేకుండా నడిచేదెవరు చెప్పండి?

నేను వికారాబాదు నుంచి కోడలిగా వచ్చి అప్పటికి నాలుగు నెలలు. చదివింది ఐదో తరగతి, మాట్లాడేది మాత్రం ఐదుగురికి సరిపడా. ఆ ఇంట్లో కొత్త కోడలు మామగారి ఎదుట పడకూడదు, ఆయన వింటుండగా నోరెత్తకూడదు. తలుపు వెనక నిలబడి, ఏం చెప్పాలన్నా అత్తమ్మ చేత చెప్పించాలి. ఇంత నోరు పెట్టుకుని పగలంతా నేనెవరితో మాట్లాడేది? కుక్కతోనే! దానికి ఎవరూ పేరు కూడా పెట్టలేదు. "ఇగో" అంటే వచ్చేది, వచ్చి నా మాటలన్నీ వినేది. మధ్యలో లేచి పోయేది కూడా కాదు.

అలాంటిది ఒక పొద్దున గొలుసు తెంపేసింది. రోజూ మా పశువులకు గడ్డి తెచ్చే అవ్వ అప్పుడే పెరటి దర్వాజా దాటింది. కుక్క ఉరికింది, అవ్వ మోపుతో సహా కింద పడింది. కరవలేదు గానీ అవ్వ మోకాలు చెక్కుకుపోయింది.

"ఓ పటేలమ్మా! మీకు గడ్డి గావాల్నా, కుక్క గావాల్నా? ఒక్కటి జెప్పుండ్రి! రెండూ గావాలంటే నా పానం పోతది!"

ఆ కేకలకు మామగారు లోపలి నుంచే తీర్పు చెప్పేశారు. "అమాస దాక సూస్త. అమాస తెల్లారి కోట్‌పల్లి దిక్కు బండి పోతది. దాంట్ల ఎక్కిచ్చి అడవి కాడ ఇడిసిపెట్టి రమ్మంట."

అమావాస్యకు పద్ధెనిమిది రోజులుంది. అది పోతే నా మాటలు వినేదెవరు?

మా పెరటి గోడకు అవతల ఒక ముసలాయన ఉండేవాడు. స్టేషన్ కాడ జట్కా తోలేవాడు. నేను చాచా అనేదాన్ని. ఆయన గుర్రానికి మాలిష్ చేస్తుంటే గోడ మీద నుంచి తల పెట్టి అంతా చెప్పాను, ఊపిరి తీసుకోకుండా.

"ఆగు బేటీ, ఆగు. అది అరిస్తే మీరేం జేస్తరు?"

"అత్తమ్మ రొట్టె ముక్క ఏస్తది. తింటున్నంత సేపు ఊకుంటది."

చాచా చేతిలో గుడ్డ కింద పడేసి నవ్వాడు. "వాహ్! అరిసినప్పుడల్లా రొట్టెనా? మంచిగ నేర్పిండ్రు గదా! గట్లయితే రేపటికెల్లి నేను గూడ మీ దర్వాజ కాడికొచ్చి అరుస్త!"

నాకు సిగ్గేసింది. కానీ నిజమే. ఇంటికొచ్చిన వాళ్ల మీద కుక్క అరవడం మర్యాద కాదని అత్తమ్మకు పట్టింపు. అరుపు వినగానే ఆమె చెయ్యి జొన్నరొట్టెల బుట్టలోకి పోయేది. ఇన్నేళ్లుగా ఆ కుక్కకు అరవడం నేర్పింది మేమే!

అప్పుడు చాచా తన గుర్రం సంగతి చెప్పాడు. "ఇది మొదట్ల రైలును సూస్తే జట్కాను బోర్లేసేది. కొట్టిన, తిట్టిన, ఏం గాలే. ఆఖరికి స్టేషన్ కాడికి పోవుడే బంద్ జేసిన. రైలు చీమంత కనవడే కాడ నిలవెట్టి శనగలు పెట్టిన. రోజు జర ముంగటికి, జర ముంగటికి. నువ్వు గూడ అంతే. మోపు సూసిన గడియనే రొట్టె పెట్టు, అరవకముందే. అరిసిందంటే నువ్వు మస్తు దగ్గరికి పోయినవన్నట్టు. ఎన్కకు రా."

మా పెరడంతా నాపరాళ్లు పరిచి ఉండేది. వంటింటి గడప నుంచి దర్వాజా దాకా లెక్కపెడితే ఇరవై బండలు. మర్నాడే మొదలుపెట్టాను. రోజూ చెంబెడు మజ్జిగ ఇస్తానని బతిమాలితే అవ్వ ఒప్పుకుంది, దర్వాజా బయట మోపుతో నిలబడటానికి.

"జెల్ది గానియ్యే, నా మెడ ఏమన్న రాయా?"

కుక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. నెయ్యి అద్దిన రొట్టె ముక్క దాని నోటి దగ్గర పెట్టాను. తిన్నది! మళ్లీ మోపును చూసింది, మళ్లీ పెట్టాను. అరవలేదు! నేను అక్కడే గంతులేశాను, నా గంతులకు అది అరిచింది.

నాలుగో రోజుకు పద్నాలుగు బండల దూరానికి వచ్చాం. ఇంకేం, నేను ఆగలేకపోయాను. ఆరో రోజు ఒక్కసారే ఐదు బండల దగ్గరికి తీసుకుపోయాను. తాడుతో పాటు నన్ను కూడా ఈడ్చుకుపోయింది. మోచెయ్యి గీరుకుపోయింది. అవ్వ మోపు అక్కడే పడేసి దర్వాజా పక్కనున్న పశువుల కొట్టంలోకి పరుగు.

చాచా గోడ మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. "బేటీ, లగాం కుక్కకు గాదు, నీకు ఎయ్యాలె!"

ఏడుపొచ్చింది. కానీ ఏడుస్తూనే ఒకటి చూశాను. మోపు కింద పడగానే కుక్క అరుపు ఆగింది. అవ్వ వెంట పోయి తోక ఊపుతోంది! అంటే అవ్వ మీద కోపం కాదు. మోపు నెత్తిమీద ఉంటే దానికి మనిషి కనబడటం లేదు. మొహం లేనిదేదో నడిచి వస్తున్నట్టుంది పాపం!

మరి నేనే ఎత్తుకుంటే?

ఎత్తుకున్నాను. కుక్కను తొట్టి పక్క రాటకు కట్టేసి, కొట్టం లోపలి నుంచి మోపుతో బయటికొచ్చాను. రోజంతా నా మాటలు వినే కుక్క నా మీదే ఎగిరింది! "ఇగో" అన్నాను. టక్కున ఆగింది. తల ఒక పక్కకు వంచింది. ఆ మొహం చూడాలి మీరు!

అంతలో అత్తమ్మ వచ్చింది. "నీ సిగ్గు గాల్చ! పటేలింటి కోడలు గడ్డిమోపు ఎత్తుకుంటదా? మీ మామ సూస్తే ముందుగాల నన్నంటడు!"

"అత్తమ్మా, జర మెల్లగ! కుక్క బెదురుతది!"

అనేశాక గానీ తెలియలేదు, అత్తమ్మకే మెల్లగా అని చెప్పానని!  అత్తమ్మ కుక్కను చూసింది, నన్ను చూసింది.

"రొట్టె ఎవరు ఏస్తరు మరి? నీ రెండు సేతులు మోపుకే ఉండె."

"మీరే ఏయుండ్రి, అరవకముందు."

వేసింది! ఆ రోజు నుంచి మామగారు బయటికి పోగానే నేను మోపుతో, అత్తమ్మ రొట్టెతో. ఒక బండ, ఇంకో బండ. అరిస్తే రెండు బండలు వెనక్కి. ఈసారి నేను తొందరపడలేదు, అత్తమ్మ పడనివ్వలేదు. తర్వాత మళ్లీ అవ్వను నిలబెట్టాం.

అమావాస్య పోయింది. తెల్లారి బండి ఇంటి ముందు నిలబడింది. మామగారు తాడు తనే పట్టుకున్నారు. అవ్వను కేకేశారు, "ఇయ్యాల ఎన్కకెల్లి గాదు, ముంగటికెల్లి రా."

ఇంటి ముందు మేమెన్నడూ నేర్పలేదు! నేను తలుపు వెనక ఉన్నాను. చేతిలో రొట్టె ముక్క ఉంది, బయటికి పోలేను. "ఇగో" అనలేను. కుక్కకు నేను కనబడటం కూడా లేదు.

మోపు మలుపు తిరిగింది. కుక్క వీపు మీద వెంట్రుకలు లేచాయి. గొంతులో గుర్రుమంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎనిమిది బండలంత దూరం, ఏడు, ఆరు.

కుక్క టక్కున తల తిప్పి మామగారి మొహంలోకి చూసింది. చూసి, కూర్చుంది.

"ఏందిది? నా దిక్కు సూస్తదేంది?"

"రొట్టె అడుగుతున్నది. మోపు కనవడ్డది, అరవలే. పెట్టుండ్రి మరి," అంది అత్తమ్మ.

"నా తాన రొట్టె యాడిది?"

తలుపు సందులోంచి నా చెయ్యి ఎప్పుడు బయటికి పోయిందో నాకే తెలియదు. గాజులు గలగలమన్నాయి. మామగారు ఆ చేతి వైపు ఒక్క క్షణం చూసి, ముక్క తీసుకుని కుక్క నోట్లో పెట్టారు.

"ఇంకొకటి పెడతవో ఏమో, పెట్టు పటేలా! నా మెడ ఇరుగుతున్నది!" అంది అవ్వ.

బండి తోలే అతను అడిగాడు, "కుక్కను ఎక్కియ్యాల్నా పటేలా?"

మామగారు తాడు వదల్లేదు, బండి వైపు చూడలేదు. అత్తమ్మతో అన్నారు, "కోడల్ని అడుగు, ఇంకో రొట్టె ఉన్నదేమో."