నాలుగూ పదికి పడిన కమిట్

నమ్మితే నమ్మండి, లేకపోతే టీ తాగి లేచిపోండి. ఖురాన్ మీద చెయ్యేసి చెప్పమన్నా చెప్తా. ఇది నాకే జరిగింది.

మంగళగిరిలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కృష్ణకి వరదొస్తే లంక ఊళ్ళ ఫోన్లన్నీ ఒకేసారి మోగించి "గట్టు మీదకి వచ్చేయండి" అని చెప్పే ప్రోగ్రాం మాదే. ఆ రాత్రి బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. మా ఖాలా, అదే మా పిన్ని, ఒక లంకలోనే ఉంటుంది. సాయంత్రం ఫోన్ చేస్తే, "ఏటా వచ్చేదేగా రేహానా, మా గుమ్మం దాకా రాదులే" అంది. మొండిఘటం!

ఆఫీసులో నేనూ, మా సీనియర్ ప్రసాద్ గారూ. బయట వాన... కింద జనరేటర్ గుడగుడ. టైము రెండుకి పావు తక్కువ.

"కొత్త బ్రాంచ్ పెట్టేద్దామమ్మా. పాతదానికీ దీనికీ తేడా ఒకసారి చూసుకో" అన్నారాయన. బ్రాంచ్ అంటే మార్పులు చేసిన కోడ్ కాపీ.

రెండూ పక్కపక్కన పెట్టా. తీసేసిన లైన్లు ఎర్రగా కనిపిస్తాయి. ఫోన్లు మోగించాల్సిన ఊళ్ళ లిస్టులో ఒక్కటే ఉంది ఎర్రగా...

మా ఖాలా ఊరు.

ఎవడు తీశాడు? మా పనిలో కోడ్‌ని ఎవరు ముట్టుకున్నా కమిట్ పడుతుంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు, అన్నీ రాసి ఉంటాయి. హిస్టరీ తెరిచా.

ఎవరు... నేనే.

ఎందుకు... "అక్కడ ఫోన్ ఎత్తేవాళ్ళు లేరు."

ఎప్పుడు... ఈ రోజే. తెల్లవారుజామున నాలుగూ పది.

గోడ గడియారం చూశా. ఇంకా రెండు కూడా కాలేదు!

"ప్రసాద్ గారూ... ఇది నేను రాయలేదండీ."

"టైము తేడాగా పడుంటుందిలేమ్మా" అన్నారు గానీ, ఆయనే కుర్చీ లాక్కుని నా స్క్రీన్ ముందుకొచ్చారు.

ఖాలాకి ఫోన్ కొట్టా. మోగింది... మోగింది... ఎత్తలేదు. ఏడుపొచ్చేసింది నాకు. కోపం కూడా వచ్చింది. నా పేరు పెట్టుకుని మా వాళ్ళనే తీసేస్తారా? ఆ లైను మళ్ళీ పెట్టి, ఫోన్లు మోగించే బటన్ నొక్కేశా.

ఒక నిమిషం... రెండు... ఆ ఊళ్ళో ఒక్కో ఫోనూ ఎత్తినట్టు స్క్రీన్ మీద పడటం మొదలైంది. యా అల్లా అనుకున్నా.

తెల్లారగట్ల ఖాలా ఫోన్. వెనకాల పడవ ఇంజన్లు, పిల్లల ఏడుపులు. "అందరం వచ్చేశామే. ఇళ్ళు మునిగినయ్యి. ఊళ్ళో ఇక నరమానవుడు లేడు."

టైము చూశా. నాలుగూ పది.

అప్పటికి ఆ మాట నిజమేగా మరి! అక్కడ ఫోన్ ఎత్తేవాళ్ళు లేరు. కానీ రెండింటికే నేను దాన్ని నమ్మి వదిలేసుంటే... అదెవరు రాశారు? అందరూ బతికారని చెప్పడానికా... నా చేతులతోనే చంపించడానికా? నాకిప్పటికీ తెలీదు.

ఆ కమిట్ ఇంకా అక్కడే ఉంది. నా పేరు మీదే.