స్తంభం మీద ఇస్క్రా పేరు

మా త్రియావ్నాలో మనిషి పోతే చావు కాగితం అచ్చేయించి ఇంటి తలుపుకీ, వీధి స్తంభాలకీ అంటిస్తారు. ఆ కాగితాల కొట్టు నాది. వాటిని తయారుచేసే ప్రోగ్రాము ఇస్క్రా అక్కది. కంప్యూటర్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక నా దగ్గర చేరి, సీ భాషలో మొత్తం తానే రాసింది.

నవంబరులో దర్జీ యుర్దాన్ హాజీపెత్కోవ్ మించెవ్ పోయాడు. అక్క వివరాలు కంప్యూటర్లో కొట్టింది. ముప్పై కాగితాలు నేనే అంటించి వచ్చాను. చదవలేదు. చదివే అలవాటు పోయి చాలాకాలమైంది.

మర్నాడు పొద్దున పక్కింటి త్సోన్కా రెండు పూలు పట్టుకుని అక్క తలుపు తట్టింది. మాకు సరి సంఖ్యలో పూలు పోయినవాళ్ళకే.

“నువ్వే తీశావేంటే తలుపు?” అంది, మొహం పాలిపోయి.

“మా ఇంటి తలుపు మరి. ఎవరు పోయారు?”

“నువ్వే. స్తంభం మీద ఉంది.”

ఉంది. శిలువ కింద దర్జీ పేరు, దాన్ని అంటుకునే ఇస్క్రా పేరు.

అక్క తిన్నగా నా దగ్గరికొచ్చింది. “మెతోదీ, ఆ దర్జీ నా కోటుకి కొలతలు తీసుకున్నాడు. ఇవ్వకుండానే పోయాడు. ఇప్పుడు రమ్మంటున్నాడు.”

“దర్జీలకి ఇంత తొందరెక్కడిదక్కా?”

నవ్వలేదు. “కారణం దొరక్కపోతే నేను నమ్మేస్తాను,” అంది నెమ్మదిగా.

మూడు రోజులు ఆ వీధి మానేసి చుట్టూ తిరిగి కొట్టుకొచ్చింది. మూడో రోజు కారణం దొరికింది. పేరుకి నకలు తీసేటప్పుడు ప్రోగ్రాము మెమరీలో అక్షరాలకి సరిపడా గళ్ళే అడిగింది, ‘ఇక్కడితో ఆగు’ అనే గుర్తుకి ఒక్క గడి అడగలేదు. యంత్రం గళ్ళు ఎనిమిదేసి ఇస్తుంది కాబట్టి ఇన్నాళ్ళూ మిగిలిన ఖాళీ గడే పేరుని ఆపింది. దర్జీ పేరు సరిగ్గా ఇరవై నాలుగు గళ్ళు నింపేసింది. ఆపే గడి లేక, పక్కనే ఉన్న పేరులోకి నడిచిపోయింది. కొట్టినవాళ్ళ పేరు ఉండేది అక్కడే.

గడి కలిపింది. పరీక్షించడానికి అలాంటి నిండు పేరే కావాలి. దర్జీ పేరు మళ్ళీ వద్దంది. ఇద్దరం వేళ్ళమీద లెక్కపెట్టాం. అక్క పూర్తి పేరు, ఇస్క్రా పరాష్కెవోవా దొనెవా. మా లిపిలో, ఖాళీలతో కలిపి, ఇరవై నాలుగు.

“నువ్వు కొట్టు,” అంది.

కొట్టాను. కాగితం బయటికొచ్చింది. పక్కన నా పేరు లేదు. దర్జీ పేరూ లేదు. నల్లని అంచు, శిలువ, మధ్యలో అక్క పేరు ఒక్కటే, తప్పు లేకుండా.

కాగితం మీదికి వంగింది.

“మొన్న దర్జీ అయినా తోడున్నాడు,” అంది.

నేను చింపబోతే చెయ్యి పట్టుకుంది. మడిచి సంచిలో పెట్టుకుంది. “ఉండనీ. నేను పోయిన రోజు నువ్వెలాగూ చదవకుండానే అంటిస్తావు.”

ఇప్పుడు ప్రతి కాగితం చదువుతున్నాను, రెండుసార్లు.